ఆకు ముట్టని మనిషి

మొన్న మా మనవడు నా ఫోను పట్టుకుని ఏదో చూస్తూ ఉన్నట్టుండి కేక పెట్టాడు.

"మామ్మా, నువ్వు కేసు గెలిచావు!"

నేను కేసు వేసిన గుర్తే లేదు, గెలవడమేమిటి? వాడు విడమరిచి చెప్పాడు. కొన్నేళ్ళ కిందట నేనో మిక్సీ కొన్నాను. పప్పు నలగకముందే అది వేడెక్కి మాడువాసన కొట్టేది. అటకమీద పడేసి మరిచిపోయాను. ఆ కంపెనీ మీద ఎవరో పుణ్యాత్ముడు కొన్నవాళ్ళందరి తరఫునా కేసు వేశాడట. అది రాజీ అయిందట. కొన్న ప్రతివారికీ ఒక కూపను ఇస్తారట. ఆ కూపను పట్టుకెళ్తే అదే కంపెనీవాళ్ళు అలాంటిదే ఇంకో మిక్సీ కాస్త చౌకగా అమ్ముతారట. మూతి కాల్చినవాడే మళ్ళీ పాయసానికి పిలిచినట్టుంది.

"ఒప్పుకోనోళ్ళ మాటేటి?" అన్నాను.

వాడు వింతగా చూశాడు. నేనూ ఉలిక్కిపడ్డాను. పట్నంలో ఇన్నేళ్ళు ఉన్నాక నా యాస ఎప్పుడో అరిగిపోయింది. ఆ మాట నాది కాదు, మా మావది. వాడు ఫోనుని పైకీ కిందికీ తోసి చూసి, "అభ్యంతరం చెప్పే గడువు దాటిపోయింది మామ్మా" అన్నాడు. నవ్వబోయాను, నవ్వు రాలేదు. ఆ రోజంతా మా మావ నా వెనకే తిరిగాడు.

మా మావ అంటే మా అమ్మకి అన్న, మా ఆయనకి తండ్రి. మేనరికం చేసుకుని కోటబొమ్మాళి దగ్గరున్న ఆ పల్లెకి కాపురానికి వెళ్ళాను. ఇది అరవయ్యో దశకం చివరి మాట. నన్ను చిన్నప్పుడు ఎత్తుకు తిప్పిన మనిషే కాబట్టి, కోడలినన్న బెరుకు నాకు లేదు. నా నోరు ఎలాంటిదో ఆయనకి తెలుసు. ఆయన నోరు ఎలాంటిదో ఊరందరికీ తెలుసు: ఎప్పుడూ ఎర్రగా ఉండేది.

మొలకి ఒక గుడ్డ తిత్తి వేలాడుతుండేది. అందులో ఆకులు, వక్కలు, సున్నం డబ్బీ. ఎవరైనా ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పిన పాపాన పోడు. తిత్తి ముడి విప్పి, ఒక ఆకు తీసి, పంచె మీద అటూ ఇటూ తుడిచి, తొడిమ గిల్లి, ఈనె తీసి, చూపుడువేలి గోటితో సున్నం రాసి, మడిచి, బుగ్గన పెట్టుకుని, అప్పుడు నోరు విప్పుతాడు. ఈలోగా అడిగినవాడు సగం మెత్తబడిపోయేవాడు. "ఆకుకైనా మాటకైనా తొడిమ తీసే ఎదరోడికియ్యాల" అనేవాడు. మా అత్త మాత్రం, "నీ తొడిమలు తుడవలేక సస్తన్నాను" అని చీపురు పట్టుకుని వెనకే వచ్చేది.

ఇంకో అలవాటుంది. ఏదైనా నాలిక్కి రాసుకుని చూడందే నమ్మడు. విత్తనాలు కొరికి చూస్తాడు. కొత్త బావి నీళ్ళు పుక్కిలిస్తాడు. చేను కొనబోయేవాడు తోడు రమ్మంటే గట్టు దిగి మట్టి చిటికెడు నోట్లో వేసుకుంటాడు. కొత్త చెప్పులు కొన్నా ఓసారి నాకి చూస్తాడేమోనని మా అత్తకి భయం.

ఊళ్ళో తగువులు తీర్చే పెద్ద ఆయన. గట్టు తగాదా, నీటి తగాదా, అన్నదమ్ముల వాటాలు, అన్నీ మా కళ్ళంలోనే తెగేవి. మా ఊళ్ళో ఒక పద్ధతుండేది. ఇరుపక్షాల మాటా విని పెద్దలు ఒక తీర్పు చెప్పాక, ఇత్తడి పళ్ళెంలో ఆకూ వక్కా పెట్టి అందరి ముందుకీ తిప్పుతారు. ఆకు అందుకుని నమిలితే ఆ తీర్పుకి కట్టుబడ్డట్టు. ఇష్టం లేనివాడు చేతులు వెనక్కి పెట్టుకుంటాడు. వాణ్ణి ఎవరూ తిట్టరు, వెలివెయ్యరు. వాడికి ఆ తీర్పు కట్టదు, అంతే. వాడి దారి వాడు చూసుకోవచ్చు. ఆకు ముట్టనివాడి పేరు పొరుగూరివాళ్ళ దగ్గర ఎత్తకూడదని కూడా ఒక మర్యాద ఉండేది. ఎత్తితే మన గుట్టు మనమే రట్టు చేసుకున్నట్టు.

ఈ పద్ధతి అంటే మా మావకి ప్రాణం. ఆయన్ని ముంచింది కూడా అదే.

ఆ రోజుల్లోనే సీమ ఎరువులు మా వైపు బాగా రావడం మొదలైంది. అంతకు ముందు పెంటా, చెరువుమట్టీ తప్ప తెలియని రైతులు తెల్లటి పొడిబస్తాలు బళ్ళమీద వేసుకుని పెళ్ళికూతుర్ని తెచ్చినట్టు తెచ్చుకునేవాళ్ళు. దగ్గర టౌనులో ఒక షావుకారు అమ్మేవాడు. ఆయన పేరూ ఆ టౌను పేరూ చెప్పను. ఆయన మనవలు మంచివాళ్ళు. ఒక ఏడు ఆ ఎరువు వేసిన చేలన్నీ ఎక్కడివక్కడ పసుపురంగులో నిలబడిపోయాయి. మా మావ మిగిలిన బస్తాలోంచి చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నాడు. కాసేపు చప్పరించాడు.

"ఒలే అమ్మీ, దీన్ని తీసుకెల్లి కూరలో ఎయ్యి. ఇది సగం నౌపడ ఉప్పే" అన్నాడు నాతో.

నవ్వాం. ఆ నవ్వు పూర్తి కాకుండానే సూరమ్మ ఏడుస్తూ వచ్చింది.

సూరమ్మ రంగం నుంచి, అంటే బర్మా నుంచి తిరిగొచ్చిన మనిషి. అక్కడ బతకనివ్వకపోతే మొగుడూ పెళ్ళామూ కట్టుబట్టలతో, ఒక పూల కాగితం గొడుగుతో ఓడెక్కి వచ్చేశారు. చెవులవీ మెడవీ అమ్మి మా చేలకి దిగువన ఒక చిన్న పొలం చెక్క కొనుక్కున్నారు. మొగుడు నడుం నొప్పి మనిషి. వ్యవసాయమంతా ఆవిడే. ఎండ కాస్తే ఆ పూల గొడుగు గట్టున పాతుకుని దాని నీడలో గంజి తాగేది. ఊళ్ళో ఆడవాళ్ళు ఆ గొడుగు చూసి నవ్వేవాళ్ళు. నేనూ నవ్వాను.

మిగతా రైతులందరూ నాట్లు వేశాక పెద్ద చేలల్లో ఆ ఎరువు చల్లారు. వాళ్ళకి పంట తగ్గింది, అంతే. సూరమ్మది ఆలస్యంగా పోసిన నారు, పైగా ఈ ఎరువుల సంగతి ఆవిడకి కొత్త. నారు బేగి ఎదగాలంటే దండిగా చల్లమని కొట్టులో చెప్పారట. ఆవిడ బస్తా తెచ్చి నారు పోసిన ఆకుమడిలోనే గుమ్మరించింది. అంత చిన్న మడిలో అంత ఉప్పు పడితే ఏమవుతుంది? నారంతా ఎర్రబడి చచ్చిపోయింది. మళ్ళీ పోయడానికి విత్తనం లేదు, అదను లేదు. ఆ ఏడు ఆవిడ చెక్కలో గడ్డి మొలిచింది. తిండికోసం ఆ చెక్కే తాకట్టు పెట్టింది. షావుకారు దగ్గర నష్టం రాబడితే విడిపించుకోవాలని ఆశ.

మా మావ ఊళ్ళోవాళ్ళని వెంటేసుకుని ప్లీడరు గారి దగ్గరికి వెళ్ళాడు. ప్లీడరు మంచివాడే. ఒక్కొక్కరూ ఒక్కో దావా వేస్తే స్టాంపులకే గాదెలు ఖాళీ అవుతాయని, అందరి తరఫునా ఒక్కరే వేసే దారి చట్టంలో ఉందని చెప్పాడట. కోర్టు అనుమతి తీసుకుని ఊరూరా దండోరా వేయిస్తారు. ఆ ఒక్కడు గెలిస్తే అందరూ గెలిచినట్టే, ఓడితే అందరూ ఓడినట్టే.

మా మావ ఇంటికొచ్చి నడుం వాల్చకుండానే మా అత్తకి చెప్పాడు. "అచ్చంగా మన తగువు లాగే ఉన్నాదే. అందరికీ ఒకడు నోరు, అంతే. ఇన్నాళ్ళూ కోర్టంటే ఏటో అనుకున్నాను."

"నీ నోరేనా?" అంది అత్త.

"ఇంకెవుడి నోరు ఇంత ఎర్రగుంటాది?" అన్నాడు. గొప్పగానే అన్నాడు. ఆ గొప్ప నాకూ ఎక్కింది. మా మావ పేరుమీద ఊరంతా కోర్టుకెక్కిందని మా పుట్టింటికి వెళ్ళినప్పుడు చెప్పుకుని మురిసిపోయాను.

తప్పెట కొట్టి దండోరా వేశారు. పొరుగూళ్ళ రైతులూ కలిశారు. వాయిదాల మీద వాయిదాలు. వాయిదా ఉన్న రోజు సాక్షులు బువ్వ మూట కట్టుకుని పొద్దున్నే బండెక్కేవాళ్ళు, సాయంత్రానికి మొహాలు వేలాడేసుకుని వచ్చేవాళ్ళు. పొలంపని ఆగిపోయేది. జనం విసిగిపోయారు. అలాంటప్పుడు షావుకారు రాజీకి వచ్చాడు. తప్పు తనదని ఒప్పుకోడు గానీ, కొన్న ప్రతి రైతుకీ రాబోయే నాట్లకి ఒక మంచి బస్తా ఉచితంగా ఇస్తాడు. ఇకమీదట సీలు విప్పని బస్తాలే అమ్ముతాడు. ప్లీడరు గారి ఫీజూ కోర్టు ఖర్చులూ పెట్టుకుంటాడు.

కళ్ళంలో అందరూ కూర్చున్నారు. నేనూ అత్తా గడ్డివాము పక్కన నిలబడ్డాం. రైతులు సంతోషంగానే ఉన్నారు. పోయిన పంట ఎలాగూ రాదు, బస్తా చేతికొస్తే చాలు. పళ్ళెం తిరుగుతోంది. ఒక్కొక్కరే ఆకు అందుకుంటున్నారు. పళ్ళెం సూరమ్మ దగ్గరికి వచ్చింది. ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"ఏటి సూరమ్మా?" అన్నాడు మా మావ.

"బస్తా ఏటి సేసుకోను బావా? ఎరువు ఎయ్యడానికి నాకు సెక్కుండాల గదా."

మా మావ తిత్తి విప్పి, ఆకు తుడిచి, తొడిమ గిల్లి, అన్నీ నింపాదిగా చేసి, అప్పుడన్నాడు.

"నీ నష్టం ఏరు, మా నష్టం ఏరు. నిన్ను బలంతం సెయ్యను. ఆకు ముట్టనోలికి మాట కట్టదు. నీ దావా నువ్వు ఏరేగా ఏసుకో. సాచ్చికానికి నానొస్తాను."

"నిజివేనా? ఈ ఊరి పద్దతులు నాకు తెల్దు బావా. నువ్వు సెప్పితే నమ్ముతాను."

"నానుండగా నీకు బయమేటి?"

ఆవిడ నమ్మింది. ఆయన చెప్పింది అబద్ధమూ కాదు. ఏళ్ళ తరబడి తగువులు తీర్చి ఆయన తెలుసుకున్న నిజం అదే. ఆ కళ్ళం గట్టు దాటాక అది నిజం కాదని ఆయనకి తెలియదు, మాలో ఎవరికీ తెలియదు.

రాజీ కాగితం మీద సంతకం పెట్టే రోజున మా ఆయన కూడా వెళ్ళాడు. ప్లీడరు గారు కాగితం చదివి వినిపించాక మా మావ అడిగాడట, "ఒప్పుకోనోళ్ళ మాటేటి బాబూ?" అని.

"అభ్యంతరం ఉన్నవాళ్ళు ఇప్పుడే జడ్జిగారికి చెప్పుకోవాలి. అలాంటివాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నాడట ప్లీడరు.

అప్పుడు సూరమ్మ పేరు చెప్పి ఉంటే కథ వేరుగా ఉండేది. కానీ ఆకు ముట్టని మనిషి పేరు పరాయివాళ్ళ దగ్గర ఎలా ఎత్తుతాడు? ఆడమనిషిని కోర్టుకి లాగడమెందుకు? ఆవిడకి ఎలాగూ ఈ రాజీ కట్టదు కదా. మర్యాదస్తుడైన మా మావ మర్యాదగానే జవాబు చెప్పాడు. "ఎవులూ నేరు బాబూ. మా తగువు మేం తీర్సుకునొచ్చినాం." చెప్పి సంతకం పెట్టాడు.

తర్వాతి వానలకి ముందే సూరమ్మ వేరే దావా వేసింది. అది విచారణ దాకా వెళ్ళనే లేదు. అందరి తరఫునా వేసిన దావా తేలిపోయిందనీ, అందులో ఈవిడ కూడా ఉన్నట్టేననీ, మళ్ళీ వేయడానికి వీల్లేదనీ అవతలి ప్లీడరు లేచాడు. మా మావ సాక్ష్యం చెప్పడానికి వెళ్ళినవాడు బోనులోకి పిలవకుండానే లేచి నిలబడ్డాడట.

"బాబూ, ఆ మనిసి ఆకు ముట్టనేదు."

గుమస్తాలు నవ్వారట. జడ్జిగారు నవ్వలేదట. మెల్లిగా అడిగారట.

"పెద్దాయనా, ఆ రోజు అందరి తరఫునా సంతకం పెట్టింది మీరే కదా?"

"నానే బాబూ."

"ఆ అందరిలో ఈమె ఉందా, లేదా?"

"ఉన్నాది. నేదు బాబూ. దావాలో ఉన్నాది, రాజీలో నేదు."

"ఆ మాట ఆ రోజు చెప్పి ఉండాల్సింది" అన్నారట జడ్జిగారు. అన్యాయంగా ఏమీ అనలేదు. అదే మా మావ తట్టుకోలేకపోయాడు. కసిరి ఉంటే ఆ కోపం మీద కొన్నాళ్ళు బతికేవాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన అలవాటు చొప్పున తిత్తి విప్పాడు. ఆకు తీశాడు, పంచె మీద తుడిచాడు, తొడిమ గిల్లాడు, సున్నం రాశాడు, మడిచాడు. నోటి దాకా తీసుకెళ్ళి ఆపి, పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని మనిషి చేతిలో పెట్టాడు. మా ఆయన ఇంటికొచ్చి ఇది చెప్తే నేను నమ్మలేదు. అన్నం తిన్నాక చూశాను. మా అత్తకి చుట్టి ఇచ్చాడు, నాకు చుట్టి ఇచ్చాడు, తిత్తి ముడి వేసేశాడు.

ఆ తర్వాత ఆయన పెదాలు ఎర్రగా చూడలేదు నేను. తిత్తి మాత్రం మొలకి ఉండేది. ఎవరొచ్చినా ఆకు చుట్టి ఇచ్చేవాడు, తను ముట్టేవాడు కాదు. మానేశావేం అని ఎవరైనా అడిగితే, "పళ్ళు కదిలినాయి" అనేవాడు. చెరుకు గడలు మాత్రం కరకర నమిలేవాడు.

విడ్డూరం ఏమిటంటే, ఆయన పేరు మోగిపోయింది అప్పుడే. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన్ని దావామావ అని పిలిచేవాళ్ళు, మెచ్చుకోలుగానే. ఆ షావుకారే కాదు, ఆ చుట్టుపట్ల ఏ కొట్టువాడూ మళ్ళీ బస్తా సీలు విప్పి అమ్మే ధైర్యం చేయలేదు. గజపతినగరం వైపు నుంచి కూడా రైతులు వచ్చి ఆ దావా ఎలా వేశారో అడిగి తెలుసుకుని పోయారు. పెళ్ళిళ్ళలో ఆయనకే మొదటి తాంబూలం ఇచ్చేవాళ్ళు. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని పక్కవాడికి ఇచ్చేసేవాడు. ఎంత నెమ్మదస్తుడో అని జనం ఇంకా మెచ్చుకునేవాళ్ళు. దావామావ అన్న పిలుపు విన్నప్పుడల్లా ఆయన మెడ కొంచెం కిందికి వాలేది. అది నేనూ అత్తా మాత్రమే చూశాం.

మా వాటా బస్తా వచ్చింది. మావ దాన్ని నెత్తిన పెట్టుకుని సూరమ్మ ఇంటికి వెళ్ళాడు. వెళ్ళినంత వేగంగానూ తిరిగొచ్చాడు, బస్తా నెత్తినే ఉంది. మా చేలోంచి ఆవిడ చెక్కంత ముక్క కోసి ఇస్తానన్నాడట. "నీ సెక్క నాకేల బావా? అది నీ కొడుకుది, నీ కోడలిది. నా సెక్క నాకు కావాల" అందట. మా చేలో ముక్క ఇస్తానన్నాడని విన్నప్పుడు నా గుండె ఝల్లుమంది. ఆవిడ వద్దందని విన్నప్పుడు కుదుటపడింది. ఈ రెండూ నాకు గుర్తున్నాయి. గుర్తుండకపోతే బాగుండేది.

బస్తా మా చేలోనే చల్లాడు మా ఆయన. ఆ ఏడు పంట విరగపండింది. కొత్త బియ్యం వండితే ఇల్లంతా కమ్మటి వాసన. మావ ఆ అన్నం ముట్టలేదు. చోడి అంబలి, అదే రాగి జావ, కాయించుకుని తాగాడు. అత్త తిట్టింది, బతిమాలింది, ఒకరోజు కంచం విసిరికొట్టింది. ఆయన కింద పడ్డ మెతుకులు ఏరి కోడికి వేశాడు. నేను తిన్నాను. చాలా రుచిగా ఉంది. కడుపుతో ఉన్నాను, రెండోసారి కూడా పెట్టించుకున్నాను. సూరమ్మ తాకట్టు చెక్క అప్పటికే చేయిదాటిపోయింది, ఆవిడ మొగుణ్ణి తీసుకుని నౌపడ ఉప్పుమళ్ళలో కూలికి పోయింది. ఆ సంగతి తెలిసే తిన్నాను.

ఒకసారి ఉండబట్టలేక ఆయనతో వాదించాను. "మావా, కల్తీ ఆగిపోనాది. వందమందికి మేలైనాది. ఒక్క మనిసికి అలగైపోనాదని నువ్వు ఇలగ ఎండిపోతే ఎలాగ?"

ఆయన ఆకు తీసి తుడిచి నాకు చుడుతూ అన్నాడు. "వందమందికి మేలైనాది, నిజివే. దావా ఎయ్యకపోతే ఆడు ఇంకా ఉప్పే అమ్మీవోడు. మళ్ళీ ఏస్తావా అంటే ఏస్తాను. కాని అమ్మీ, వందమందీ సెక్కలున్నోళ్ళు. సెక్క పోయింది ఒక్కత్తిదే. ఆ ఒక్కత్తి నోరూ నానే కట్టీసినాను. కట్టీసి, బయం నేదని సెప్పినాను."

చుట్టిన ఆకు నా చేతిలో పెట్టాడు. నేను నమలలేదు. కొంగున ముడేసుకుని తర్వాత పెరట్లో పారేశాను.

కోతలయ్యాక ఆయన కొత్త బియ్యం మూట పట్టుకుని కోటబొమ్మాళిలో పాసింజరెక్కి నౌపడ వెళ్ళేవాడు. ఒకసారి నన్నూ పిల్లాణ్ణీ తీసుకెళ్ళాడు. రైలు దిగి మళ్ళ గట్లమీద నడిచాం. ఎండకి ఉప్పు కుప్పలు తళతళలాడుతుంటే కళ్ళు తెరవలేకపోయాను. దూరంగా ఆ పూల కాగితం గొడుగు కనబడింది. రంగు వెలిసిపోయి, రెండుచోట్ల చిరిగి, గట్టున పాతి ఉంది. ఈసారి నాకు నవ్వు రాలేదు.

సూరమ్మ పలక చెక్కతో ఉప్పు లాగుతోంది. పాదాలు పగిలి తెల్లబడిపోయాయి. మమ్మల్ని చూసి చెక్క కింద పెట్టి వచ్చింది. పిల్లాణ్ణి ఎత్తుకుని గొడుగు కింద కూర్చోబెట్టింది.

"ఉప్పేసి నా నారు సంపీసినారు. ఆ ఉప్పే ఇప్పుడు నాకు కూడెడతన్నాది. సూసినావా బావా, దేవుడి ఎటకారం?" అని పకపకా నవ్వింది. మావ నవ్వలేదు. బియ్యం మూట ముందు పెట్టాడు. ఆవిడ ఒక దోసెడు తీసుకుని కొంగులో పోసుకుని, మిగతా మూట మళ్ళీ కట్టి నా పక్కన పెట్టింది. ప్రతిసారీ అంతేనట. దోసెడే.

బయల్దేరేటప్పుడు ఆవిడ చెంగున కట్టుకున్న ఆకు ఒకటి తీసింది. చీరకి తుడిచి, తొడిమ గిల్లి, సున్నం రాసి, మడిచి మా మావ ముందు చేయి చాచింది. అది ఊరికే ఇచ్చే ఆకు కాదని ముగ్గురికీ తెలుసు.

"తీసుకో బావా. నా కోపం ఎప్పుడో పోనాది."

మా మావ ఆ ఆకు వంక చూశాడు. ఆ చేతి వంక చూశాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నీ కోపం పోనాది. నీ సెక్క తిరిగి రానేదు గదా. నా తగువు తెగనేదమ్మా" అన్నాడు.

ఆవిడ అలాగే కాసేపు చేయి చాచి ఉంచింది. తర్వాత ఆ ఆకుని గొడుగు కర్ర మొదట్లో పెట్టి, పలక చెక్క తీసుకుని మడిలోకి దిగిపోయింది. స్టేషను దాకా మావ బియ్యం మూట మోసుకుంటూ ముందు నడిచాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది. ఆవిడ ఇచ్చినప్పుడు పుచ్చుకుని ఉంటే అందరం తేలిక పడేవాళ్ళం కదా అనుకున్నాను. తేలికపడాలనుకుంది ఎవరో ఇప్పుడు తెలుస్తోంది. నేనే.

మా మనవడికి ఇదంతా చెప్పాను. వాడు విని, "అయితే అందరి తరఫునా కేసు వేయడం మంచిదా, చెడ్డదా మామ్మా?" అని అడిగాడు. మంచిదేరా అన్నాను. మంచిది కాకపోతే నాకింత బాధ ఎందుకు? చెడ్డపని వల్ల ఒకరు చెడిపోతే తిట్టి పోసి చేతులు కడుక్కోవచ్చు. వాడికి అర్థం కాలేదు. కూపను వాడుకుంటావా వద్దా అని అడిగాడు. ఇంకా జవాబు చెప్పలేదు.

మా మావ ఆ తర్వాత ఎక్కువకాలం లేడు. కళ్ళంలో ధాన్యం తూర్పార పడుతుండగా కూలబడిపోయాడు. కబురు నౌపడ దాకా ఎవరు మోసుకెళ్ళారో తెలియదు, మధ్యాహ్నం బండికి సూరమ్మ వచ్చింది. చిరిగిన గొడుగు ముడిచి చంకలో పెట్టుకుంది. ఏడవలేదు. వాకిట్లో పడుకోబెట్టిన ఆయన్ని కాసేపు చూసి, తిన్నగా ఇంట్లోకి వచ్చింది. మేకుకి వేలాడుతున్న తిత్తి తీసింది. ముడి విప్పింది. ఆ పొద్దున ఆయనే తడిపి పెట్టుకున్న ఆకులు ఇంకా పచ్చగా ఉన్నాయి.

అందులోంచి ఒకటి తీసి తుడిచింది, తొడిమ గిల్లింది, సున్నం రాసింది. వాకిట్లో శవం ఉండగా ఆకు వెయ్యబోతోందని ఆడవాళ్ళంతా నోళ్ళు నొక్కుకున్నారు. మా అత్త ఒక్కతే, "ఊరుకోండి" అంది.

సూరమ్మ ఆ ఆకు మడిచి నోట్లో పెట్టుకుంది. ఆయన తల దగ్గర కూర్చుని మెల్లిగా నమిలింది. పెదాలు ఎర్రబడ్డాక నా వైపు తిరిగింది.

"రాజీకి కాదే అమ్మీ" అంది. "మీ మావకి."